రష్యన్లూ ఇస్లామూ: నన్ను ఎక్కువగా అడిగే అపోహలు, వాస్తవాలు

మధ్యయుగ రష్యా చరిత్ర చెప్పుకుని బతికేవాణ్ని, ఈ ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తుంటే ఒక్కచోట రాసేద్దామనిపించింది.

అపోహ: మందు మానలేక ఇస్లాం వద్దనుకున్నారు.
వాస్తవం: 986లో వోల్గా నది దగ్గరుండే ముస్లింలు, వోల్గా బల్గార్లు, వచ్చి తమ మతం గురించి చెప్తే, తాగుడే మా రుస్ (అప్పటి రష్యన్ల రాజ్యం) వాళ్ల సంతోషం అన్నాడట కీవ్ రాజు వ్లదీమిర్. కథ బావుంది గానీ రాసింది వందేళ్ల తర్వాత క్రైస్తవ సన్యాసులు. ఆయన క్రైస్తవం తీసుకోడానికి అసలు లెక్క బైజాంటియంతో (కాన్‌స్టాంటినోపుల్ కేంద్రంగా ఉన్న క్రైస్తవ సామ్రాజ్యం) వ్యాపారం, పైగా అక్కడి చక్రవర్తి చెల్లెలు అన్నాతో పెళ్లి.

అపోహ: మంగోలులు ముస్లింలు కాబట్టే పడేది కాదు.
వాస్తవం: 1237లో రష్యా మీద దండెత్తిన మంగోల్ నాయకుడు బాతు ఖాన్ అసలు ముస్లిమే కాదు. వాళ్లలో ఇస్లాం గట్టిగా నిలబడింది ఉజ్బెగ్ ఖాన్ (1313-41) టైంలో, అయినా రష్యన్ చర్చికి పన్ను మినహాయింపు పోలేదు, వాళ్ల రాజధాని సరాయ్‌లో ఆర్థడాక్స్ (రష్యన్ల క్రైస్తవ శాఖ) బిషప్ అలాగే ఉన్నాడు, మాస్కో రాజు యూరీ అయితే ఏకంగా ఖాన్ చెల్లెల్నే చేసుకున్నాడు. 1262లో రష్యన్ పట్టణాల్లో జనం తిరగబడింది మంగోలుల పన్నులు గుత్తకు తీసుకుని పీడించిన ముస్లిం వర్తకుల మీద. యారోస్లావ్ల్‌లో మాత్రం ఇస్లాంలోకి మారిన ఇజొసిమా అనే రష్యన్ సన్యాసిని చంపి కుక్కలకి వదిలేశారు, బయటోడికంటే మారినోడి మీదే కసి ఎక్కువన్నమాట.

అపోహ: ముస్లిం అంటే శత్రువే అనుకునేవాళ్లు.
వాస్తవం: అఫనాసీ నికితిన్‌ని చూడండి. రష్యాలోని త్వేర్ ఊరి వ్యాపారి, 1470 ప్రాంతంలో గుర్రం అమ్ముకుందామని మన దక్కన్ వచ్చాడు, తెలంగాణ కూడా ఏలిన బహమనీల రాజ్యానికి. అక్కడి జున్నర్ ఊళ్లో స్థానిక అధికారి ఖాన్ గుర్రం లాక్కుని, మతం మారితే గుర్రంతో పాటు వెయ్యి బంగారు నాణేలు, లేకుంటే గుర్రం పోయి నువ్వే వెయ్యి కట్టాలి అన్నాడు. వెళ్లి మాట్లాడి విడిపించింది ఇంకో ముస్లిమే, ఖొరాసాన్ మహమ్మద్. మత పుస్తకాలు దొంగలు దోచుకుపోతే పండగలెప్పుడో తెలీక ఈయన ముస్లింలతో పాటే ఉపవాసాలున్నాడు, ఏడుస్తూ రాసుకున్నాడు, సరైన మతమేదో దేవుడికే తెలుసన్నాడు, చివర్లో అరబిక్ ప్రార్థన రాశాడు. మారిపోయాడా అని ఇప్పటికీ గొడవే, నా లెక్కలో మారలేదు.

అపోహ: వోల్గా ఒడ్డున ముస్లిం తాతార్ల రాజ్యమైన కజాన్ మీద యుద్ధం అంటే క్రైస్తవులు వర్సెస్ ముస్లింలు.
వాస్తవం: చర్చి అలాగే ప్రచారం చేసింది. కానీ 1552లో రష్యా జార్ ఇవాన్ సైన్యంతో కజాన్ మీదకి వెళ్లినవాళ్లలో షా అలీ ఉన్నాడు, మాస్కో కింద ఉన్న కాసిమోవ్ అనే తాతార్ రాజ్యానికి ఖాన్, పక్కా ముస్లిం.