పట్టా టేకు, పాత సామిల్లు: అపోహలు - వాస్తవాలు

వరంగల్‌లో మా సామిల్లు గేటు ముందు ట్రాక్టర్ ఆపి రైతులు అనే మాట ఒకటే: "మా పొలంల చెట్టు, మా పట్టా. మా తాత బండ్ల మీద తెచ్చి కోయించిండు. అప్పుడు లేని కాగితం ఇప్పుడెందుకు?"

జనాన్ని నిలువునా ముంచుతున్న అపోహ ఇదే. నిజాం కాలంలో అడవికి అడ్డూ అదుపూ లేదన్నది వట్టి పుకారు. జంగ్లాత్ (నిజాం అటవీ శాఖ) వాళ్ల జులుం మీద తిరగబడే కొమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. 1355 ఫస్లీలోనే (అంటే 1945-46లో) హైదరాబాద్ అటవీ చట్టం ఉంది. తర్వాత 1967 అటవీ చట్టం, సామిల్లులకు 1969 రూల్స్, 2002లో వాల్టా (నీరు, భూమి, చెట్ల చట్టం) వచ్చాయి. కేంద్రం అనుమతి లేకుండా అడవిలో సామిల్లు నడపొద్దని 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు చెప్పింది.

పట్టా భూమిలో టేకుకైనా కొట్టేముందే అనుమతి కావాలి. అటవీ శాఖ వాళ్లు దుంగలు కొలిచి, సుత్తితో తమ గుర్తు ముద్ర వేసి, రవాణా పర్మిట్ ఇచ్చాకే బండి కదలాలి. అవి లేని దుంగ కోస్తే మా లైసెన్సుకే ఎసరు.

నర్సంపేట వైపు రైతొకాయన కూతురి పెళ్లికి ఇల్లు బాగు చేయిద్దామని "ఏం కాదు" అన్న బ్రోకర్‌ను నమ్మి చెట్లు కొట్టించాడు. ట్రాక్టర్ దారిలోనే పట్టుబడింది. తన చెట్టే, అయినా దొంగలా నిలబడాల్సి వచ్చిందని మా మిల్లులో కూర్చుని ఏడ్చాడు. బ్రోకర్ మళ్లీ ఫోన్ ఎత్తలేదు. టెన్షన్ పడకండి, గొడ్డలి పట్టకముందే పాస్‌బుక్ నకలు తీసుకుని అటవీ శాఖ రేంజ్ ఆఫీసుకు వెళ్లండి.

అడవినంతా సామిల్లులే తిన్నాయంటారు. మా పాత్ర లేదనను. కానీ రైలు పట్టాల స్లీపర్లకు, బొగ్గు బావుల్లో ఆసరా దుంగలకు, సాగుకు పోయిన అడవిని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

మిల్లంటే సేటు, మిషను అనుకోవడమూ తప్పే. కరెంటు రంపాలకు ముందు గుంత మీద దుంగ పెట్టి, పైన ఒకరు, కింద ఒకరు రంపం లాగేవారు. కిందివాడి కళ్ల నిండా రంపపు పొట్టే. మా నాన్న రోజుల్లో వాడకట్టు ఆడవాళ్లు సాయంత్రం గంపలతో వచ్చి ఆ పొట్టే పట్టుకెళ్లేవారు. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి, చుట్టూ పొట్టు దట్టించి, సీసా లాగేస్తే పొట్టు పొయ్యి తయారు. ఎన్నో ఇళ్లలో అన్నం దాని మీదే ఉడికింది. మిల్లు చరిత్రలో వాళ్ల పేర్లు రాసినవాళ్లు లేరని నాకు బాధ.

ఇక అడవి టేకుకు చెద పట్టదన్న మాట. చెదను తట్టుకునేది చేవ, అంటే దుంగ లోపలి ముదురు కర్ర. అడవిదైనా, పొలందైనా చేవ చుట్టూ ఉండే తెల్లపొరను చెద వదలదు. తలుపులకు కొనేటప్పుడు కోసిన అంచులు చూసి, తెల్లపొర ఎంతుందో అడిగి తీసుకోండి.