కుందేలు ఆశగా అడిగిందని పెట్టేయొచ్చా? అపోహలు - వాస్తవాలు

మేత మానేసిన కుందేలును తెచ్చినవాళ్లను “నిన్న ఏం పెట్టారు?” అని అడిగితే, “ఎప్పుడూ పెట్టేదే డాక్టర్‌గారూ” అంటారు. ఇంకాస్త గుచ్చి అడిగితే అప్పుడు బయటికొస్తాయి: పిల్లలు పెట్టిన బిస్కెట్టు, సగం అరటిపండు, ప్యాకెట్లోంచి తీసిన యోగర్ట్ డ్రాప్స్ (పెరుగు, చక్కెర కలిపి చేసే తీపి బిళ్లలు). విషం తిని వచ్చే కుందేళ్ల కన్నా, ముద్దుకొద్దీ పెట్టినవి తిని వచ్చేవే నాకు ఎక్కువ కనిపిస్తాయి.

అపోహ: కుందేలు అసలు తిండి క్యారెట్.

వాస్తవం: ఇది కార్టూన్ల పుణ్యం. కుందేలు గడ్డీ ఆకులూ మేసే జంతువు. దాని తిండిలో 80 శాతం వరకు ఎండుగడ్డే ఉండాలి. ఆ పీచును అంధనాళంలోని (పెద్దపేగు మొదట్లో ఉండే సంచిలాంటి భాగం) సూక్ష్మజీవులు పులియబెట్టి పోషకాలుగా మారుస్తాయి. చక్కెర, పిండిపదార్థం అక్కడికి ఎక్కువగా చేరితే ఈ సూక్ష్మజీవుల సమతుల్యం చెడుతుంది. గ్యాస్ పట్టి పొట్ట ఉబ్బుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. క్యారెట్ దుంపలో చక్కెర ఉంటుంది కాబట్టి చిన్న బిళ్ల చాలు, అదీ వారానికి ఒకటి రెండుసార్లు. మనం తుంచి పారేసే క్యారెట్ ఆకులే దానికి మంచివి. కొత్తిమీర, పుదీనా కూడా పెట్టొచ్చు.

అపోహ: పండ్లు సహజమైనవే, ఎన్ని పెట్టినా ఫర్వాలేదు.

వాస్తవం: 2 కిలోల కుందేలుకు రోజు మొత్తానికి ఒక టీస్పూను పండు చాలు. అసలు రోజూ పెట్టకపోతే మరీ మంచిది. అరటిపండు, ఆపిల్, స్ట్రాబెర్రీ ఏదైనా ఇదే కొలత. ఎండు పండ్లలో నీరు పోయి చక్కెర చిక్కబడుతుంది, వాటి జోలికి పోవద్దు. ఆపిల్ గింజలు నమిలితే సయనైడ్ పుడుతుంది, తీసేసి ఇవ్వండి.

అపోహ: పడనిదాన్ని కుందేలే ముట్టదు.

వాస్తవం: ముట్టడమేంటి, లాక్కుని తింటుంది. చాక్లెట్, అవకాడో, ఉల్లి, వెల్లుల్లి దానికి హానికరం. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. లోపలికి పోయింది బయటికి రాదు. చాక్లెట్ తిందని తెలిస్తే ‘చూద్దాంలే’ అనుకోకుండా వెంటనే డాక్టర్‌కు చూపించండి.

అపోహ: ప్యాకెట్ మీద కుందేలు బొమ్మ ఉంటే భయం లేదు.

వాస్తవం: బొమ్మ వేసేది మన కోసం, కుందేలు కోసం కాదు. వెనక రాసిన పదార్థాలు చదవండి. పాలు, చక్కెర, తేనె, మొక్కజొన్న, గింజలు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

అపోహ: గట్టి రొట్టె కొరికితే పళ్లు అరుగుతాయి.

వాస్తవం: కుందేలు పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, ముందు పళ్లైతే వారానికి సుమారు 2 మిల్లీమీటర్లు. వాటిని అరగదీసేది గడ్డి. గడ్డి నమిలేటప్పుడు దవడ పక్కకి కదులుతూ దవడ పళ్లు ఒకదానితో ఒకటి రాసుకుంటాయి. రొట్టె నోట్లోకి వెళ్లగానే నానిపోతుంది, పిండిపదార్థం మాత్రం మిగులుతుంది. కొరకడానికే ఏదైనా కావాలంటే మందు కొట్టని ఆపిల్ కొమ్మ ఇవ్వండి.

అపోహ: కుందేలు ఒళ్లు నాక్కుంటూ మింగిన వెంట్రుకలు బొప్పాయి పెడితే పొట్టలోనే కరిగిపోతాయి.

వాస్తవం: కరగవు. వెంట్రుకలు చిక్కుకునేది చాలావరకు పేగులు మందగించడం వల్లే; అందుకు గడ్డీ నీళ్లే మందు.

కొత్తది ఏది పెట్టినా ఒకటే రకం, గోరంత ముక్క. మర్నాడు ట్రే చూడండి. పెంటికలు గుండ్రంగా, పొడిగా, నలిపితే గడ్డి పొట్టులా రాలితే బాగున్నట్టే. చిన్నవైపోయినా, తోక కింద మెత్తటి ముద్ద అంటుకున్నా ఆ తినుబండారం ఆపేసి కొన్నాళ్లు గడ్డి మీదే ఉంచండి. పూట గడిచినా మేయకపోయినా, పెంటికలు పడకపోయినా అది అత్యవసరం. తెల్లారాక చూద్దామనుకోకండి, అది తిన్నదాని ప్యాకెట్ కూడా వెంట తీసుకెళ్లండి.