కోఠిలో దాటేసిన ప్రశ్న పాతబస్తీకి వచ్చింది

హైదరాబాద్ పాతబస్తీ మెట్రో మాటెత్తితే ఇప్పుడు అందరి నోటా రెండే ప్రశ్నలు. ఎంత జాగా పోతుంది? గజానికి ఎంతిస్తారు? రెండింటికీ అంకెలున్నాయి. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు 100 అడుగులు, స్టేషన్ల దగ్గర 120. పరిహారం గజానికి 81,000 రూపాయలు. పనులు సాగినన్నాళ్లూ గిరాకీ బండి ఎక్కడ పెట్టాలి, సరుకు తెచ్చిన ట్రాలీ ఆటో ఎక్కడ ఆగాలి అన్న మూడో ప్రశ్నకు మాత్రం ఏ అంకే లేదు.

 ఈ మూడో ప్రశ్నను మొదట దాటేసింది కోఠిలోని సుల్తాన్ బజార్‌లో. సికింద్రాబాద్‌లోని జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి పాతబస్తీలోని ఫలక్‌నుమా వెళ్లే మెట్రో లైను సుల్తాన్ బజార్‌లోని బడీచౌడీ మీదుగా పోవాలని గీశారు. అక్కడ వీధే బజారు. దుకాణం లోపల ఎంత సరుకో గుమ్మం బయట అంత సరుకు. వ్యాపారులు అడ్డం తిరిగారు. తెలంగాణ ఉద్యమ కాలంలో కేసీఆర్ వాళ్ల పక్షాన నిలిచారు. 2014లో ముఖ్యమంత్రి అయ్యాక అసెంబ్లీ, సుల్తాన్ బజార్, పాతబస్తీ, ఈ మూడు చోట్లా లైను మార్చాలన్నారు. ఉమెన్స్ కాలేజీ వైపు తిప్పుదామన్నారు, సర్వేలన్నారు. చివరికి సుల్తాన్ బజార్‌లో మొదట గీసిన గీతే మిగిలింది.

ఆ ఏళ్లన్నీ పిల్లర్ ఎక్కడ పడాలన్న దాని మీదే వాదన నడిచింది. బజారుకు వచ్చే బండ్ల ఊసే లేదు. వ్యాపారుల భయంలో సగం కూల్చివేతల గురించైతే, మిగతా సగం ఈ బండ్ల గురించే. అది విన్నవాళ్లు తక్కువ.

ఇంజినీర్ల వైపు చెప్పుకోవాల్సిందీ ఉంది. ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో వయాడక్టు (పిల్లర్ల మీద నిలిచే మెట్రో వంతెన) ముక్కలను ముందే పోతపోసి, రాత్రిపూట ట్రెయిలర్ల మీద తెచ్చి పైన అతికించారు. అందుకే పగలు రోడ్డు పూర్తిగా మూయాల్సిన అవసరం తగ్గింది. నిజమే. కానీ పిల్లర్ గుంతకు రాత్రీ పగలూ ఉండదు. గుంత చుట్టూ రేకుల గోడ లేస్తే రెండు పక్కలా మిగిలేది ఆటో పట్టేంత సందు. చీర కొనడానికి వచ్చినామె స్కూటీకి స్టాండు వేసి, ఒక కన్ను చీర మీద, ఒక కన్ను ట్రాఫిక్ క్రేన్ మీద పెడితే ఇంకేం బేరమాడుతుంది? అలాంటి గిరాకీ దిల్‌సుఖ్‌నగర్ వైపు మళ్లితే వెనక్కి రప్పించడం ఏ పరిహారంతోనూ కాదు.

పార్కింగ్ కడతామన్న చోటా ఇదే తంతు. నాంపల్లిలో అర ఎకరంలో యంత్రాలతో నడిచే పార్కింగ్ టవర్ తలపెట్టారు. రైళ్లు తిరగడం మొదలై ఏళ్లు గడిచినా అది చాలాకాలం కొలిక్కి రాలేదు. 2024 ఆగస్టులో నాగోల్‌లో ఉచిత పార్కింగ్ ఎత్తేస్తామంటే ప్రయాణికులు ధర్నాకు దిగారు. రైలెక్కేవాడికీ ముందు బండి పెట్టే చోటే కావాలని అప్పుడు తెలిసొచ్చింది.

2020 ఫిబ్రవరి 7న జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా లైను తెరిచారు. అవతల ఫలక్‌నుమా దాకా ఐదున్నర కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. 2024 మార్చి 8న రేవంత్ రెడ్డి ఫలక్‌నుమా దగ్గర శంకుస్థాపన చేశారు. తర్వాత లైను చాంద్రాయణగుట్ట దాకా పెరిగి ఏడున్నర కిలోమీటర్లయింది. 2025 జనవరిలో పరిహారం చెక్కులు, వెంటనే కూల్చివేతలు మొదలయ్యాయి. చారిత్రక కట్టడాల సంగతి హైకోర్టుకూ చేరింది.

రోడ్డు 100 అడుగులైతే ఇరుకు పోతుంది కదా అంటారు. పోతుంది, పనులయ్యాక. ఈలోగా మధ్యలో రేకుల గోడ ఉంటుంది, పక్కన ముందుభాగం తెగిన దుకాణం ఉంటుంది. నిన్నటిదాకా బండి నిలిపిన అరుగు పోయింది. చార్మినార్ చుట్టూ బండ్ల రాకపోకలు ఆపేశాక ఆ భారం మోస్తున్నవి కూడా ఈ పక్క వీధులే.

ఎతెబార్ చౌక్, అలీజా కోట్లా, పురానీ హవేలీ, దారుల్‌షిఫా. మెట్రో వచ్చే దారిలోని ఈ పేర్లే మొహర్రం పదో రోజున బీబీ కా ఆలం (పీరు) ఊరేగింపు దారిలోనూ ఉన్నాయి. ఆ రోజు ఆలం ఏనుగు మీద వస్తుంది. రేకుల గోడ ఎన్ని అడుగులు జరగాలో, ఎన్ని రోజుల ముందు జరగాలో రాసిపెట్టిన కాగితం పనులు మొదలయ్యేలోపే బస్తీ చేతికి రావాలి.