నాలుక ఎడమకు, చెయ్యి కుడికి

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే మా మేనమామకు నిరుడు నెల్లూరులో మెడ ఎడమవైపు, మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమనికి శస్త్రచికిత్స జరిగింది. మెలకువ వచ్చాక నాలుక బయటపెట్టమంటే అది ఎడమకు వంగింది, కుడిచేతి పిడికిలి బిగియలేదు. ఇంటిల్లిపాదీ రెంటికీ కలిపి పక్షవాతమనే పేరు పెట్టేశారు గానీ, దెబ్బలు రెండనీ, అవి వేర్వేరు చోట్ల తగిలాయనీ ఆ నాలుక వంగిన దిక్కే చెబుతోంది.

మెదడు ఎడమ అర్ధభాగం దెబ్బతింటే శరీరం కుడిపక్క బలహీనపడుతుంది. నాలుక వంగినా కుడికే వంగాలి. ఎడమకు వంగిందంటే ఆ లోపం మెదడులో లేదు, మెడలోనే, నాలుకను కదిలించే పన్నెండో కపాల నాడిలో ఉంది. ధమని రెండుగా చీలే చోటికి కాస్త పైన ఆ నాడి దానికి అడ్డంగా సాగుతుంది కనుక, ధమని లోపలి కొవ్వు పూడికను తీసేటప్పుడు నాడిని పక్కకు జరిపి పట్టుకోవలసి వస్తుంది. చాలావరకు నాడి తెగదు. సాగినందువల్ల కొంతకాలం సంకేతాలు పంపడం మానేసి, వారాల్లోనో నెలల్లోనో తనంత తానే తేరుకుంటుంది. లోపలి పోగులే తెగితే అవి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున మళ్లీ పెరగాలి. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి గొంతు బొంగురుపోవడానికీ, పెదవి మూల జారడానికీ చాలావరకు ఇలాంటి కారణమే ఉంటుంది.

ఇంత ముప్పున్న చికిత్స ఎందుకంటే, 1991లో వెలువడిన ఉత్తర అమెరికా అధ్యయనంలో, అప్పటికే లక్షణాలు కనిపించి ధమని 70 శాతానికి పైగా పూడినవారిలో, మందులతోనే సరిపెట్టుకున్నవాళ్లలో 26 శాతం మందికి రెండేళ్లలో అదే వైపు స్ట్రోక్ రాగా, ఆపరేషన్ అయినవారిలో అది 9 శాతమే. ఆపరేషన్ వల్ల వచ్చినవీ ఆ తొమ్మిదిలోనే ఉన్నాయి.

చెయ్యి సంగతి వేరు. పూడిక నుంచి రాలిన నలుసు మెదడులోని సన్నటి నాళాన్ని మూసేసిన చోట చచ్చిన కణాలు తిరిగి రావు. చుట్టుపక్కల రక్తం చాలక మూగబోయినవి కొన్ని మేలుకుంటాయి. మిగతా పనిని వేరే నాడీమార్గాలు నేర్చుకోవాలి, వాడితే తప్ప అవి నేర్చుకోవు. మొదటి మూడు నెలల్లో ఈ మార్పు వేగంగా సాగుతుంది. ఆ వారాలనే పావురం రక్తం పూయించుకోవడానికి తిరిగి పోగొట్టుకున్నవారిని మా వైపు చూశాను, అందుకే ఇది రాస్తున్నాను.

ఫిజియోథెరపిస్టు రబ్బరు బంతి ఇస్తే మామ దాన్ని పక్కన పెట్టి ఆకురాయి తెప్పించమన్నారు. రెండు నెలలకు నాలుక తిన్నగా వచ్చింది, దానికి ఎవరూ చేసిందేమీ లేదు. చెయ్యి మాత్రం ఆర్నెల్లు దాటినా గరిటె కాడ దగ్గర జారుతూనే ఉంది. ఎడమచేత్తో చెక్క అదిమిపట్టి, కుడిచేత్తో అదే వంపు మీద ఆకురాయిని పొద్దున వందసార్లు, సాయంత్రం వందసార్లు ఆడిస్తున్నారు.