దీన్ని ఊళ్లో ఇప్పటికీ కరువు పనే అంటారు

ఉపాధి హామీ అని సర్కారు పేరు పెట్టి ఇన్నేళ్లయినా సీమ పల్లెల్లో చాలామంది నోట ఇప్పటికీ 'కరువు పని' అనే వస్తుంది. ఆ మాట పాతది.

1876-78 నాటి ధాత కరువులో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా కరువు పనులు పెట్టారు. మద్రాసులో అడయారును, కూవంను కలిపిన బకింగ్‌హామ్ కాలువ ముక్క అప్పుడు తవ్విందే. పని ఇచ్చారు సరే, కూలీ? ఖర్చు తగ్గించాలని వచ్చిన రిచర్డ్ టెంపుల్ అనే దొర మగమనిషి కూలీని రోజుకు ఒక పౌండు గింజలకు (అర కిలో కూడా కాదు), పైన కాస్త చిల్లరకు దించేశాడు. రోజంతా మట్టి మోసేవాడికి అది చాలదని శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా పోట్లాడాక గానీ పెంచలేదు. లక్షల మంది పోయారు.

తర్వాత 1972 కరువులో మహారాష్ట్ర ఊరి పనులు పెట్టింది, 1977లో దాన్ని చట్టం చేసింది, దానికి డబ్బు కోసం పట్నం ఉద్యోగుల మీద వృత్తి పన్ను వేసింది. అదే దారిలో 2005లో దేశానికంతా చట్టం వచ్చింది. 2006 ఫిబ్రవరి 2న మన్మోహన్ సింగ్ పథకాన్ని మొదలుపెట్టింది అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే.

'గుంతలు తవ్వించడానికి ఇంత డబ్బా' అనే ఎగతాళి మొదటినుంచీ ఉంది. 2015లో పార్లమెంటులో ప్రధాని మోదీ దీన్ని కాంగ్రెస్ వైఫల్యాలకు స్మారకం అన్నారు. 2020లో లాక్‌డౌన్ పడి వలస కూలీలు కాలినడకన ఊళ్లకు చేరాక, 61,500 కోట్ల బడ్జెట్‌కు ఆ ప్రభుత్వమే ఇంకో 40,000 కోట్లు కలిపింది. ఆ ఏడాది దాదాపు 389 కోట్ల పనిదినాలు నడిచాయి. అప్పుడే ప్రకటించిన 20 లక్షల కోట్ల ప్యాకేజీలో పెద్ద భాగం అప్పులు, గ్యారంటీలు, రిజర్వ్ బ్యాంకు వదిలిన నగదే, కొనేవాడు లేనప్పుడు షాపువాడు అప్పు తీసుకుని ఏం సరుకు నింపుతాడు? కూలీ డబ్బు అలా కాదు, చేతిలో పడిన వారంలోపే బియ్యానికో నూనెకో మందులకో వెళ్లిపోతుంది, అందుకే పని పోయిన కాలంలో నాకు దీని మీదే నమ్మకం ఎక్కువ. కాకపోతే పదిహేను రోజుల్లో ఇవ్వాల్సిన కూలీ నెలల తరబడి ఆగితే ఆ ఊపంతా పోతుంది, ఇల్లు వడ్డీ అప్పుతో నడుస్తుంది.

2023-24 బడ్జెట్‌లో దీనికి పెట్టింది 60,000 కోట్లు. 2020-21కి కోవిడ్‌కు ముందు వేసుకున్న 61,500 కోట్ల లెక్క కన్నా తక్కువ.