పల్లె ఒకటే, సర్టిఫికెట్లు రెండు

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో, అంటే ఊరికి విడిగా ఉండే దళితవాడల్లో, చాలామందికి రెండు పేర్లు. బడి రికార్డులో వెంకటేశ్వర్లు, చర్చిలో యోహాను. సరదాకి పెట్టుకున్నవి కావు. క్రైస్తవుడని కాగితం మీదికెక్కితే ఎస్సీ సర్టిఫికెట్ కాస్తా బీసీ-సి (క్రైస్తవంలోకి మారిన ఎస్సీలను ఉంచిన బీసీ గ్రూపు) అవుతుంది. అంటే 15 శాతం కోటాలోంచి 1 శాతం కోటాలోకి దిగాలి. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా అనగానే ఇదేదో ఓట్ల గొడవ అనుకుంటారు గానీ, మన జిల్లాలో దీని మొదలు గుండ్లకమ్మ ఏటి ఒడ్డున ఉంది.

అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. ఆయన వెంట నడిచినవాళ్లలో ఎక్కువమంది మాదిగలు. వాళ్లకు మిషన్ చెప్పిన కట్టుబాట్లు మూడు: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి భక్తి మాటలే. కానీ పిలిస్తే పరిగెత్తాల్సిన వెట్టి మనిషి ‘ఈరోజు రాను’ అంటే మోతుబరికి, కరణానికి ఎలా ఉంటుంది? ఊళ్లో తగాదాలు అక్కడే మొదలయ్యాయి.

1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. తిండి కోసం కలిశారన్న మాట రాకూడదని ఆ పని సాగినన్నాళ్లూ బాప్తిస్మం ఆపేశాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్లలో నిలబడ్డారు.

మతం మారింది గానీ ఇల్లు మారలేదు. పల్లె పల్లెలోనే ఉంది, ఊరు ఊళ్లోనే ఉంది. చట్టం మాత్రం వేరే గీత గీసింది. 1936లో బ్రిటిష్ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల జాబితా ఇస్తూ, భారతీయ క్రైస్తవులెవరూ ఇందులోకి రారంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. పంజాబ్‌లోని నాలుగు సిక్కు కులాలకే మినహాయింపు దక్కింది. 1956లో సిక్కులందరినీ, 1990లో బౌద్ధులనూ చేర్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. 1977లో రాష్ట్ర ప్రభుత్వం జీవో 341తో స్కాలర్‌షిప్పుల్లాంటి రాయితీలు ఇచ్చిందే గానీ, హోదా దాని చేతిలో లేదు.

నెల్లూరు వైపు చూస్తే ఈ తిరకాసు ఇంకా బాగా కనబడుతుంది. ఎస్టీల ఉత్తర్వులో మతం ఊసే లేదు. యానాది కుటుంబం చర్చికి వెళ్లినా ఎస్టీయే. పక్కపేటలో మాదిగ కుటుంబం అదే చర్చికి వెళ్తే బీసీ-సి. తెగ మతంతో పోదు, కులం మతంతో పోతుందన్నది ప్రభుత్వాల వాదన. క్రైస్తవంలో కులం లేదన్నది దానికి ఆధారం. బైబిల్లో లేకపోవచ్చు. మాల చర్చి, మాదిగ చర్చి అని వేరుగా ఉన్నచోట ఆ మాట నిలబడదు.

ఈ తేడా ఉద్యోగాలతో ఆగదు, అట్రాసిటీ కేసు దాకా వెళ్తుంది. మతం మారి పాస్టరుగా పనిచేస్తున్న వ్యక్తికి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో రాష్ట్ర హైకోర్టు తేల్చింది. 1950 ఉత్తర్వులోని ఆ మూడో పేరా తీసేయమని కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2022లో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్‌తో ఇంకో కమిషన్ వేసింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ హోదా ఇవ్వాలని తీర్మానం చేసింది.

ఎస్సీల్లోనే అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. వాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. 2025 ఎస్సీ వర్గీకరణలో ఆ 15 శాతాన్ని రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 6.5, మాల వర్గానికి 7.5గా పంచేశారు. ఇప్పుడు కొత్తవాళ్లు వస్తే మాల, మాదిగ వాటాల్లోనే సర్దుకోవాలి. బీసీ-సి లోని 1 శాతం వాళ్లతోపాటు ఇటు వస్తుందో లేదో ముందు తేల్చాలి. అది తేల్చకుండా హోదా ఒక్కటే ఇస్తే తగాదా మళ్లీ పల్లెలోకే వస్తుంది.