పేరు కలిసింది, కార్డు పోయింది: సమగ్ర వేదిక నేపథ్యం

హైదరాబాద్‌లో ఒక పేద కుటుంబానికి 2016లో రేషన్ బియ్యం ఆగిపోయాయి. ఇంటాయన రిక్షా తొక్కి బతికిన మనిషి. సర్కారు వాడే ‘సమగ్ర వేదిక’ అనే సాఫ్ట్‌వేర్ లెక్కలో మాత్రం ఆయనకు కారుంది. ఆ కారు నిజానికి దగ్గర దగ్గరగా అదే పేరున్న మరొకాయనది. కార్డు తీసేసే ముందు ఆ ఇంటికి నోటీసు కూడా రాలేదు.

ఇది అర్థం కావాలంటే తెలంగాణ ఏర్పడిన ఏడాదికి వెళ్లాలి. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. లెక్కలో లేకపోతే పథకాలు పోతాయన్న భయంతో జనం బస్సులు, రైళ్లు కిక్కిరిసేలా సొంతూళ్లకు పోయారు. ఆ తర్వాత జాతీయ ఆహార భద్రతా చట్టం కింద కొత్త కార్డులొచ్చాయి. ఏటా ఆదాయం పల్లెలో లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదన్నారు. మనిషికి ఆరు కిలోల బియ్యం. దాంతోపాటే బోగస్ కార్డుల ఏరివేత మొదలైంది. బోగస్ కార్డులు ఉన్న మాట నిజమే, వాటిని తీసేయాలనుకోవడంలో తప్పు లేదు. ఏరిన తీరులోనే అన్యాయం ఉంది.

2016లో సమగ్ర వేదిక వచ్చింది. మొదట పోలీసులు నేరస్థులను గుర్తించడానికి వాడిన సాంకేతికతే తర్వాత సంక్షేమ పథకాలకూ వచ్చింది. వాహనాలు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు ఇలా రకరకాల శాఖల రికార్డులను కలిపి, ఒక్కో మనిషికి ఏమేం ఉన్నాయో ఒకచోట చూపిస్తుంది.

చిక్కంతా ఆ కలపడంలోనే. అన్ని రికార్డుల్లో ఆధార్ నంబరు ఉండదు. అందుకని పేరు, చిరునామా లాంటివి పోల్చి, ఈ రెండు రికార్డులూ ఒకే మనిషివని సాఫ్ట్‌వేర్ అంచనా వేస్తుంది. మన పేర్లతో ఇదెంత కష్టమో ఏ మీసేవ కేంద్రంలో అడిగినా చెబుతారు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తిగా, ఇంకోచోట పేరు చివర. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు కె, ఎస్, హెచ్ పెట్టి రాస్తారు, మరొకరు ఎక్స్ పెట్టి రాస్తారు. బస్తీలో ఇంటి నంబరుకు బై మీద బై. ఒకే వాడలో ముగ్గురు వెంకటేశ్వర్లు ఉంటే, అందులో ఇద్దరి తండ్రుల పేరూ రామయ్యే కావచ్చు. పోలిక కాస్త వదులు చేస్తే వేరేవాళ్ల ఆస్తి ఈయనకు అంటుకుంటుంది. బిగిస్తే నిజంగా కారున్నవాడు తప్పించుకుంటాడు. ఎక్కడ గీత గీయాలన్నది యంత్రం తేల్చేది కాదు, మనుషులు తీసుకునే నిర్ణయం. ఆ గీత ఎక్కడుందో కార్డుదారులకు ఎవరూ చెప్పలేదు.

2014 నుంచి 2019 దాకా 18 లక్షలకు పైగా కార్డులు రద్దయ్యాయి. అన్నీ సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేయలేం, మొదటి రెండేళ్లూ అది లేదు కూడా. అయితే రేషన్ షాపుకు పోతే గానీ కార్డు పోయిన సంగతి తెలియని స్థితి మాత్రం చాలామందిది.

సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ దీనిపై కోర్టుకెక్కారు. రద్దైన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 4,91,899 దరఖాస్తులొచ్చాయి. ఆ జులై నాటికి 2,05,734 చూశారు, 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. అంటే నూటికి ఏడున్నర. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ, పదమూడు ఇళ్లకు ఒక ఇంట్లో తప్పుగా బియ్యం ఆపేశారన్నమాట. పైగా ఇవి దరఖాస్తు పెట్టుకోగలిగినవాళ్ల లెక్కలే. ఇల్లు మారినవాళ్లు, ఆశ వదులుకున్నవాళ్లు, ఈలోపు చనిపోయినవాళ్లు ఇందులో లేరు.

ఈ సాఫ్ట్‌వేర్ ఎలా తేలుస్తుందో చూద్దామని సమాచార హక్కు చట్టం కింద దాని సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రాం రాసిన అసలు ఆదేశాలు, అడిగితే, దానిపై తయారుచేసిన కంపెనీకి హక్కులున్నాయంటూ ప్రభుత్వం ఇవ్వలేదు. ఈ జవాబు నాకు మింగుడుపడదు. ప్రజల సొమ్ముతో నడిచే వ్యవస్థ, ప్రజల తిండి మీద తీర్పు చెబుతూ, ప్రజలకే కనిపించకుండా ఎట్లా ఉంటుంది?

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, రాయితీల కోసం ప్రభుత్వం తన దగ్గరున్న డేటాను మళ్లీ మన సమ్మతి అడగకుండా వాడుకునే వీలు కల్పించింది. మనిషి బతుకును ప్రభావితం చేసే నిర్ణయానికి వాడే డేటా సరిగ్గా, పూర్తిగా ఉండాలని కూడా అదే చట్టం చెబుతోంది. ఈ రెండో మాట నిలబడాలంటే కార్డు తీసేయడానికి ముందే ఇంటికి ఒక కాగితం రావాలి. ఫలానా నంబరు కారు మీ పేరిట ఉన్నట్టు కనిపిస్తోంది, మీది కాకపోతే ఫలానా ఆఫీసులో చెప్పండి అని తెలుగులోనో ఉర్దూలోనో రాసి ఉండాలి. 2016లో ఆ రిక్షా కార్మికుడి గుమ్మంలోకి అలాంటి కాగితం ఒక్కటి వచ్చి ఉంటే, కారు ఎవరిదో అప్పుడే తేలిపోయేది.